ఒక మాట, పలు అర్థాలు: చింతాద్రిపేట దారిలో ఆంగ్ల పదాలు

సూళ్లూరుపేట, తడ వైపు నుంచి లోకల్ రైలెక్కి చెన్నై సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ సముదాయంలో దిగేవారికి చింతాద్రిపేట కొత్త ఊరు కాదు. రోడ్డు దాటి పార్క్ టౌన్ స్టేషనులో ఎత్తువంతెన మీది రైలెక్కితే తరువాతి స్టేషను అదే. కూవం నది మూడు వైపులా చుట్టి పారే ఈ పేటలోని చేపల అంగడికి, దానిని ఆనుకొని ఉన్న రిచీ వీధిలోని ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాలకు, ఏటి అవతల పుదుపేటలోని పాత మోటారు విడిభాగాల కొట్లకు సరిహద్దు పల్లెల వారు తరచుగా వెళ్లి వస్తుంటారు. వైద్యం కోసం వచ్చి, ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని ఇక్కడే గది తీసుకొని నాలుగు రోజులు ఉండేవారూ ఉన్నారు.

ఈ పేట పేరును తెలుగువారు విన్నప్పుడు చింతచెట్ల కొండ ఏదో అక్కడ ఉన్నదనుకుంటారు. కొండ లేదు. తమిళంలో 'తఱి' అంటే మగ్గం. చిన్న మగ్గాల పేట అనే అర్థంలో 'చిన్న తఱి పేట్టై' అన్నది కాలక్రమేణా చింతాద్రిపేట అయిందని చెబుతారు. అయినా తెలుగు చెవి చేసిన పొరపాటు వృథా కాదు. 'చింత' అనే తెలుగు మాటకే రెండు అర్థాలున్నాయి. ఒకటి చెట్టు, రెండవది మనోవ్యథ. చెట్టు పేరు మన దేశిపదం, వ్యథను తెలిపేది సంస్కృతం నుంచి వచ్చినది. పుట్టుకలో ఏ సంబంధమూ లేని రెండు మాటలు ఒకే రూపంలో కలిసిపోయాయి. 'తల' అనే మాట సంగతి వేరు. మనిషి తల, అక్షరానికి పెట్టే తలకట్టు, తలవాకిలి, తలసరి ఆదాయం, ఇవన్నీ ఒకే వేరు నుంచి పుట్టిన కొమ్మలు.

ఆంగ్లంలో పలు అర్థాలున్న మాటలు కూడా ఈ రెండు విధాలుగానే ఉంటాయి. ఈ తేడా తెలిసినవారు సగం కష్టం తప్పించుకుంటారు. ఒకే వేరు నుంచి వచ్చిన అర్థాలైతే మూలంలోని బొమ్మ ఒకటి పట్టుకుంటే మిగిలినవి వాటంతట అవే తెలుస్తాయి. వేరు వేరు మాటలు కలిసిపోయినవైతే విడివిడిగా గుర్తుపెట్టుకోవడమే దారి. ఇంట్లో తిరిగే 'ఫ్యాన్', సినిమా నటుని 'ఫ్యాన్' రెండూ ఒకే మాట అనిపిస్తాయి. మొదటిది లాటిన్‌లో ధాన్యం తూర్పారబట్టే చేటకు ఉన్న పేరు నుంచి వచ్చింది. రెండవది మూఢాభిమాని అనే అర్థం గల 'ఫనాటిక్' అన్న మాటకు కత్తిరింపు అని పండితుల అభిప్రాయం. 'మ్యాచ్' కూడా ఇలాంటిదే. అగ్గిపుల్ల వేరు, క్రికెట్ ఆటా పెళ్లి సంబంధమూ వేరు. చివరి రెండింటికీ మూలం 'సమానమైన జోడు' అనే భావం.

కుంఫిణీ కాలపు మాటలు

చింతాద్రిపేట పుట్టుకలోనే ఇటువంటి మాటలు కొన్ని ఉన్నాయి. 1734లో చెన్నపట్టణపు గవర్నరు జార్జి మోర్టన్ పిట్, సీమకు పంపవలసిన బట్టలు చాలినంత దొరకక, నేతగాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక పేట కట్టించ తలపెట్టాడు. ఒకప్పుడు కుంఫిణీకి ప్రధాన వర్తకుడుగా ఉండి ఆ స్థానం పోగొట్టుకొన్న సుంకు రామచెట్టి తోట ఇందుకు ఎంపికయింది. వడికేవారు, నేసేవారు, అద్దకం వారు, చలువ చేసేవారు, గుడి సేవకులు ఇక్కడ ఇళ్లు కట్టుకోవడానికి అనుమతి పొందారు.

ఆనాటి కుంఫిణీ కాగితాలలో ఈ వ్యవహారమంతా 'ఇన్వెస్ట్‌మెంట్' అనే మాట చుట్టూ తిరుగుతుంది. నేటి అర్థం ప్రకారం పెట్టుబడి అనుకొని చదివితే ఆ కాగితాలు సగం బోధపడవు. అక్కడ ఆ మాటకు, ఆ ఏడాది సీమకు పంపడానికి కొన్న సరకు అని అర్థం. 'ఇన్వెస్ట్‌మెంట్ తక్కువైంది' అంటే డబ్బు తక్కువైందని కాదు, బట్టల మూటలు తక్కువయ్యాయని. విచిత్రమేమంటే ఈ మాట మూలంలో ఉన్నది కూడా బట్టే. లాటిన్‌లో 'వెస్టిస్' అంటే వస్త్రం. 'ఇన్వెస్ట్' అంటే మొదట వస్త్రం తొడగడం, ఆ తరువాత అధికార వస్త్రం తొడిగి పదవి ఇవ్వడం. సొమ్ముకు మరో రూపం తొడగడం అనే భావన ఇటలీ వర్తకుల నుంచి వచ్చింది. ఆంగ్లంలో ఆ అర్థం పదిహేడవ శతాబ్దపు ఆరంభంలో ఈస్టిండియా వర్తకానికి సంబంధించిన ఉత్తరాలలోనే కనబడుతుంది.

'ఫ్యాక్టరీ' మరొకటి. నెల్లూరు తీరంలో, నేటి తిరుపతి జిల్లాలోని దుగరాజపట్నం వద్ద 1626లో ఆంగ్లేయులు ఫ్యాక్టరీ పెట్టారని చరిత్ర పుస్తకాలలో ఉంటుంది. దానిని వారు ఆర్మగాన్ అనేవారు. చెన్నపట్టణపు కోట కంటే ఇదే ముందు. 1639లో ఫ్రాన్సిస్ డే చెన్నపట్టణం స్థలం చూడడానికి బయలుదేరినది ఇక్కడినుంచే. బడిపిల్లలు ఈ వాక్యం చదివి ఆ కాలంలోనే దుగరాజపట్నంలో పొగగొట్టాలు, యంత్రాలు ఉన్నాయనుకుంటారు. కుంఫిణీ తరఫున బేరసారాలు చేసే ఉద్యోగిని 'ఫ్యాక్టర్' అనేవారు. ఫ్యాక్టర్లు కాపురముండి సరకు నిలవచేసే చోటు 'ఫ్యాక్టరీ'. దానికి గిడ్డంగి అన్న అర్థం దగ్గర, కర్మాగారం అన్న అర్థం దూరం.

ఆ ఉద్యోగులలో అడుగు మెట్టు వాడు 'రైటర్'. 1744లో చెన్నపట్టణానికి వచ్చిన రాబర్ట్ క్లైవ్ ఉద్యోగం అదే. పుస్తకాలు రాయడం అతని పని కాదు, చిట్టాలు రాయడం. ఇక్కడ పల్లెవారు పట్టణపు చదువరుల కంటే ఒక అడుగు ముందున్నారని చెప్పాలి. పోలీసు స్టేషను రైటరు, దస్తావేజు రైటరు అన్న వాడుకలో పాత అర్థాన్ని వారు నేటికీ నిలబెట్టుకొన్నారు. రచయిత అన్న అర్థమే వారికి కొత్త.

తెలుగు లిపి కలిపే మాటలు

ఆంగ్లంలో రాతలో వేరుగా ఉండే కొన్ని మాటలు తెలుగు లిపిలోకి రాగానే ఒకటైపోతాయి. ఇది ఆంగ్లం చేసిన తప్పు కాదు, మన లిపి ఉచ్చారణను నమ్ముకొన్నది గనుక జరిగేది. మోటారు బండికి వేసే 'బ్రేక్', పగిలిపోయే 'బ్రేక్', రెండింటికీ ఆంగ్లంలో అక్షరాలు వేరు. అద్దకం వారి 'డై' అంటే రంగు, అదే పలుకుబడి గల మరో 'డై' అంటే చావు. మగ్గాల పేటలో ఈ రెండూ కలిసిపోవడం అంత మంచి శకునం కాదు. 'ప్రిన్సిపల్' అన్న పలుకు కింద మూడు సంగతులున్నాయి: కళాశాల పెద్ద, అప్పులో అసలు, నియమం. మొదటి రెండూ ఒకే మాట, ప్రధానమైనది అన్న అర్థం నుంచి వచ్చాయి. మూడవదానికి చివరి అక్షరాలు వేరు. బ్యాంకు కాగితంలో 'ప్రిన్సిపల్' అని ఉంటే అది అసలు సొమ్మే.

దుకాణాల వీధిలోకి వెళితే 'సెట్' అన్న మాట ఒక్కటి చాలు, పూట గడిచిపోతుంది. బేరింగుల సెట్, టీవీ సెట్, సినిమా సెట్, హోటల్లో సెట్ దోసె. పిల్లవానికి సీటు తెచ్చే ప్రవేశపరీక్ష పేరు చివర ఉన్న 'సెట్' మాత్రం వీటిలో చేరదు, అది మూడు మాటల మొదటి అక్షరాల కూర్పు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 నాటి రెండవ ముద్రణలో అన్నిటికంటే ఎక్కువ చోటు ఆక్రమించిన మాట 'సెట్'. తరువాతి సవరణలో 'రన్' దానిని దాటిపోయింది. ఆ ఒక్క క్రియకే 645 అర్థాలు తేలాయని 2011లో ఆ నిఘంటువు వారు తెలిపారు. ఇవన్నీ ఆంగ్లేయులకు కూడా కంఠస్థంగా ఉండవు.

మరి వారు ఎలా గ్రహిస్తారు? మనం 'మందు' అన్న మాటను గ్రహించినట్టే. జ్వరానికి మందు, పైరుకు మందు, తుపాకీలో మందు, పండుగనాడు కొందరు తాగే మందు. 'పొలానికి మందు కొట్టాడు' అన్నా 'పెళ్లిలో మందు కొట్టాడు' అన్నా పల్లెలో ఎవరూ పొరబడరు. పక్కనున్న మాట అర్థాన్ని తేల్చివేస్తుంది. మాటను ఒంటరిగా పట్టుకొని తెలుగు చేయబోతేనే చిక్కు వస్తుంది.

మే డే పార్కు

చింతాద్రిపేటలో మే డే పార్కు ఉంది. పూర్వం నేపియర్ పార్కు అనేవారు. ఈ పేరులోని మూడు మాటలూ పరిశీలింపదగినవే. 'పార్క్' అంటే ఉద్యానం. బండిని ఒకచోట ఆపి ఉంచడం కూడా 'పార్క్'. పార్కు గోడ మీద 'నో పార్కింగ్' అని ఉంటే లోపలికి వెళ్లవద్దని కాదు.

'మే' నెల పేరు. సహాయక్రియగా 'మే' అంటే చేయవచ్చును, జరగవచ్చును. ప్రభుత్వ ప్రకటనలలో ఈ చిన్న మాట బరువు పెద్దది. 'అధికారి మంజూరు చేయవచ్చును' అన్న చోట సాధారణంగా 'మే' ఉంటుంది, 'మంజూరు చేయవలెను' అన్న చోట 'షల్' ఉంటుంది. మొదటిది చాలావరకు అధికారి విచక్షణ, రెండవది అతని విధి. అర్జీదారునికి ఈ తేడా ముఖ్యం.

మే 1వ తేదీ కార్మికుల దినం. మన దేశంలో దానిని మొదట జరిపినది ఈ చెన్నపట్టణంలోనే, 1923లో సింగారవేలు చెట్టియార్ ఆధ్వర్యంలో. ఇంచుమించు ఆ రోజులలోనే, 1920ల ఆరంభంలో, లండన్ విమానాశ్రయంలో రేడియో అధికారి ఒకరు ఆపదలో ఉన్నవారు పిలవడానికి 'మేడే' అన్న కేక ఏర్పరిచారు. సాయం చేయండి అనే అర్థం గల ఫ్రెంచి పలుకు నుంచి దానిని తీసుకొన్నారు. పులికాట్ తీరంలో వైర్‌లెస్ పెట్టుకొని సముద్రంలోకి వెళ్లే పడవల వారికి ఈ రెండవ 'మేడే' తెలిసి ఉండాలి. మూడుసార్లు పలకవలసిన మాట అది. దానికి కార్మిక దినంతో ఏ సంబంధమూ లేదు.

కార్మికుల శ్రమను 'లేబర్' అంటారు. ఆసుపత్రిలో 'లేబర్ వార్డు' అంటే పురిటి గది. కూలివారి కోసం కట్టినదని పొరబడిన పెద్దలు లేకపోలేదు. ప్రసవవేదనను మించిన శ్రమ లేదన్న భావనతో ఆ పేరు వచ్చింది. 'వార్డు' కూడా అంతే. ఆసుపత్రిలో రోగుల గది, పురపాలక సంఘంలో ఎన్నికల భాగం, న్యాయస్థానంలో సంరక్షకుని కింద ఉన్న మైనరు. కాపాడడం అన్న మూలార్థం మూడింటికీ ఒకటే.

ఆసుపత్రి కాగితాలు

సరిహద్దు పల్లెల వారు చెన్నైలో ఎక్కువగా భయపడేది వైద్యుడిని చూసి కాదు, అతను ఇచ్చిన కాగితాన్ని చూసి. ఆ భయంలో కొంత భాగం మాటల వలన వచ్చినదే.

కేసు కాగితం తలమీద 'కంప్లయింట్స్' అని ఉంటుంది. ఎవరో ఫిర్యాదు చేశారని కాదు. రోగి తనకు ఉన్నాయని చెప్పిన బాధలు అని అర్థం. 'హిస్టరీ' అంటే గతంలో వచ్చిన జబ్బుల వివరం. పొట్ట మీద చేయి వేసి చూసి 'టెండర్' అని రాస్తే, నొక్కినప్పుడు నొప్పి ఉన్నదని. కొబ్బరిబోండం దుకాణంలో 'టెండర్' అంటే లేత, పంచాయతీ కార్యాలయంలో 'టెండర్' అంటే పనికి వేసే ధరపత్రం. 'అక్యూట్' అని కనబడగానే ప్రాణం మీదికి వచ్చిందని కుటుంబం కుంగిపోవలసిన పనిలేదు. హఠాత్తుగా వచ్చినది అని దాని అర్థం, చాలాకాలంగా ఉన్నదైతే 'క్రానిక్' అంటారు. తీవ్రత ఎంత అన్నది వేరే అడగాలి. స్కానింగు నివేదికలో 'అన్‌రిమార్కబుల్' అని ఉంటే అది తృణీకారం కాదు, చెప్పుకోదగ్గ దోషం కనబడలేదన్న శుభవార్త. 'స్టేబుల్' అంటే నిలకడగా ఉన్నది. బాగుపడుతున్నదని దానితో అర్థం రాదు, దిగజారడం లేదని మాత్రమే. ఇదే మాట గుర్రపుశాలకు కూడా పేరు.

ఎక్కువ హాని చేసేవి 'పాజిటివ్', 'నెగెటివ్'. మంచి, చెడు అన్న వాడుక బాగా పాతుకుపోయింది. పరీక్షశాలలో 'పాజిటివ్' అంటే వెతికినది కనబడిందని. క్షయ కోసం వెతికితే క్షయ ఉన్నదని. మరి రక్తం గ్రూపు పక్కన ఉండే 'నెగెటివ్' ఈ రెండింటిలోనూ చేరదు. రక్తకణాల మీద ఆర్‌హెచ్ అనే పదార్థం లేదని మాత్రం అది తెలుపుతుంది. జబ్బు లేదన్న మాట కాదు, జబ్బు ఉన్నదన్న మాటా కాదు. అయితే గర్భిణి రక్తం నెగెటివ్, భర్తది పాజిటివ్ అయితే వైద్యునికి ముందుగానే చెప్పి తీరాలి. బిడ్డకు తండ్రి రక్తపు గుణం వస్తే తల్లి శరీరం దానికి విరుద్ధంగా తయారై తరువాతి కాన్పులలో బిడ్డకు ముప్పు కలుగుతుంది. దానిని నివారించడానికి యాంటీ-డి అనే ఇంజక్షను ఉంది. 'నెగెటివ్ అని వచ్చింది, ఏమీ లేదు' అనుకొని ఆ కాగితం పెట్టెలో పెట్టేస్తే ఆ అవకాశం జారిపోతుంది.

చింతాద్రిపేటకు దగ్గరలోని ఎగ్మూరులో 1819లో మొదలైన ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. ప్రపంచంలోని అతి పాత కంటి ఆసుపత్రులలో అది ఒకటి. కంటివైద్యంలో 'పుపిల్' అన్న మాట వస్తుంది. బడిలో అది విద్యార్థి, కంటిలో నల్లగుడ్డు నడిమి రంధ్రం. లాటిన్‌లో 'పుపిల్లా' అంటే చిన్నపిల్ల, బొమ్మ. ఎదుటివారి కంటిలోకి చూసినప్పుడు మన రూపం చిన్న బొమ్మలాగా కనబడుతుంది గదా, అందువల్ల ఆ పేరు. తెలుగువారు ఏ లాటిన్ చదువూ లేకుండానే దానిని 'కంటిపాప' అన్నారు. అలాగే 'కెటరాక్ట్' అంటే భూగోళంలో జలపాతం, కంటిలో శుక్లం.

చార్జ్, డిశ్చార్జ్

ఒకే మూలం పట్టుకొని అనేక అర్థాలు విప్పడానికి 'చార్జ్' కంటే మంచి ఉదాహరణ లేదు. లాటిన్‌లో బండి మీద బరువు వేయడం అన్న మాట నుంచి ఇది వచ్చింది. ఫోను బ్యాటరీకి చార్జ్, బస్సు చార్జ్, పోలీసుల చార్జ్‌షీటు, కార్యాలయంలో ఇన్‌చార్జ్, ఆస్తి మీద చార్జ్, అన్నింటిలోనూ ఉన్నది బరువు ఎక్కించడమే. తెలుగులో 'మోపు' అన్న క్రియ ఇదే పని చేస్తుంది. బరువు మోపుతారు, నేరం మోపుతారు, పన్ను మోపుతారు. ఈ బొమ్మ మనసులో ఉంటే 'డిశ్చార్జ్' దానంతట అదే తెలుస్తుంది: దించివేయడం. ఆసుపత్రి నుంచి రోగిని, కేసు నుంచి నిందితుని, బాకీ నుంచి బాకీదారుని దించివేయడం. పుండు నుంచి కారే చీము కూడా వైద్యుని భాషలో 'డిశ్చార్జ్'. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో 'డిశ్చార్జ్ ఉంటే వెంటనే రావాలి' అని ఉంటే, ఇప్పుడే డిశ్చార్జ్ చేసి మళ్లీ రమ్మంటారేమిటని తికమకపడరాదు. అక్కడ చెప్పినది చీము సంగతి.

భూమి కొనేవారు రిజిస్ట్రారు కార్యాలయం నుంచి తీసుకొనే ఈసీలో 'చార్జ్' అన్న మాట ఉంటే ఫీజు అనుకొని వదిలివేయరాదు. ఆ భూమి మీద ఎవరికో బాకీ బరువు ఉన్నదని దాని అర్థం. ఆ బరువు దిగిందని చూపే పత్రం అమ్మేవారి నుంచి చూసిన తరువాతే బయానా ఇవ్వాలి.

దస్తావేజులలో మరికొన్ని. 'కన్సిడరేషన్' అంటే ఆలోచన కాదు, ప్రతిఫలం, అనగా అమ్మకపు ధర. 'ఎగ్జిక్యూట్' అంటే మరణశిక్ష అమలుచేయడం అని పత్రికల వలన తెలిసినవారు, 'దస్తావేజు ఎగ్జిక్యూట్ చేశారు' అన్నది చూసి ఉలిక్కిపడతారు. అక్కడ సంతకం చేసి పూర్తి చేశారని అర్థం. 'సెటిల్‌మెంట్ డీడ్' కుటుంబంలో ఒకరికి ఆస్తి రాసి ఇచ్చే పత్రం. వీధి నాయకులు చేసే 'సెటిల్‌మెంట్లు' వేరని చెప్పనక్కరలేదు. 1802లో మద్రాసు రాజధానిలో వచ్చిన శాశ్వత శిస్తు ఏర్పాటు కూడా ఆంగ్లంలో 'సెటిల్‌మెంటే'. ఆంగ్లపు 'విల్' మన దగ్గర 'వీలునామా' అయింది. దాని చివరనున్న 'నామా' పారసీకం, మొదటి భాగం ఆంగ్లం. మన 'వీలు'తో దానికి సంబంధం లేదు, చనిపోయినవారి వీలు చూసి రాసినది కాదు.

అప్పు పత్రం

పిల్లవాని మార్కుల పట్టికలో 'అవుట్‌స్టాండింగ్' అంటే మెచ్చుకోలు. అప్పు చిట్టాలో 'అవుట్‌స్టాండింగ్' అంటే ఇంకా కట్టవలసినది. 'ఇంటరెస్ట్' మూడు విధాలు: ఆసక్తి, వడ్డీ, ఆస్తిలో హక్కు. పక్కన 'ఆన్' అన్న చిన్న మాట ఉంటే చాలావరకు వడ్డీ, 'ఇన్' ఉంటే ఆసక్తి గాని హక్కు గాని. 'శాంక్షన్' అంటే మంజూరు, ఒక దేశం మరొక దేశం మీద పెట్టే ఆంక్ష కూడా. ఒకే మాటకు దాదాపు ఎదురెదురు అర్థాలు. 'డిఫాల్ట్' ఫోనులో ముందే అమర్చి ఉన్న ఏర్పాటు, అప్పులో వాయిదా తప్పడం. అద్దె ఇంట్లో ఉన్నవారికి 'బైమంత్లీ' అన్నది మరో చిక్కు. రెండు నెలలకొకసారి అన్న అర్థమూ నెలకు రెండుసార్లు అన్న అర్థమూ నిఘంటువులలో ఉన్నాయి. తమిళనాడు కరెంటు బిల్లు రెండు నెలలకొకసారి వచ్చేది. నెల నెలా బిల్లు కట్టే ఆంధ్ర వైపు కుటుంబాలు ఆ మొత్తం చూసి మోసమేదో జరిగిందనుకోవడం కద్దు.

ఇవన్నీ ఒక ఎత్తు, 'సెవరల్' అన్న మాట ఒక ఎత్తు. బడిలో దీనికి 'అనేక' అని అర్థం చెబుతారు. పూచీకత్తు పత్రాలలో 'జాయింట్లీ అండ్ సెవరల్లీ' అన్న మూడు మాటల జట్టు ఉంటుంది. అక్కడ దాని అర్థం అనేకమంది అని కాదు, పాత అర్థమైన 'విడివిడిగా' అని. అందరూ కలిసీ, ఎవరికి వారు విడిగానూ, మొత్తం బాకీకి బాధ్యులు.

ఉదాహరణకు ఒక వ్యక్తి ట్రాక్టరు కోసం 3 లక్షల రూపాయలు అప్పు తీసుకొన్నాడనుకుందాము. బంధువులు ముగ్గురు జామీను సంతకాలు చేశారు. ముగ్గురం గనుక తలా ఒక లక్షకు పూచీ అని వారి లెక్క. పత్రంలో ఆ జట్టు మాటలుంటే ఆ లెక్క తప్పు. అప్పు తీసుకొన్నవాడు కట్టకపోతే, బాకీ ఉన్న మొత్తం కోసం, వడ్డీతో సహా, ముగ్గురిలో ఏ ఒక్కరినైనా అడగవచ్చు. అసలు బాకీదారుని ముందు పట్టుకోండి, తరువాత మా దగ్గరకు రండి అని పూచీదారులు సాధారణంగా అనలేరు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో మరో విధంగా లేకపోతే, పూచీదారుని బాధ్యత బాకీదారుని బాధ్యతతో సమానం. కట్టిన వ్యక్తి మిగిలిన ఇద్దరి నుంచి వారి వాటా రాబట్టుకొనే హక్కు అదే చట్టం 146వ సెక్షనులో ఉన్నది. అది వారిలో వారికి సంబంధించిన వ్యవహారం, అప్పు ఇచ్చినవారికి దానితో పనిలేదు. బావమరిది మాట కాదనలేక సంతకం పెట్టేవారు 'సెవరల్' అంటే 'అనేక' అన్న బడి చదువుతో ఆగిపోతే నష్టపోయేది ఇల్లు.

నిఘంటువు చూసే తీరు

ఇంట్లో నిఘంటువు ఉన్నవారు కూడా మొదటి అర్థం చూసి మూసివేస్తారు. మాట పక్కన అది నామవాచకమో క్రియో గుర్తు ఉంటుంది. ముందు దానిని చూడాలి. ఆ తరువాత సంఖ్యలు వేసిన అర్థాలను ఒక్కొక్కటిగా వాక్యంలో పెట్టి చూడాలి. న్యాయం, వైద్యం, వాణిజ్యం అని సూచించే గుర్తులుంటే చేతిలోని కాగితం ఏ రంగానిదో దానిని ఎంచుకోవాలి. పాత నిఘంటువుల విషయంలో కొంత జాగ్రత్త అవసరం. సి.పి. బ్రౌన్ నిఘంటువులు 1850లలో చింతాద్రిపేటకు ఎంతో దూరం లేని వేపేరిలోని ముద్రణాలయంలో అచ్చయ్యాయి. తెలుగు మాటల కోసం నేటికీ వాటికి సాటి తక్కువ. అయితే ఆ కాలపు ఆంగ్లంలో 'కంప్యూటర్' అంటే లెక్కలు కట్టే మనిషి.

సరిహద్దులో ఉన్నవారికి ఇంకో సంగతి. తెలుగు తెలిసిన తమిళుని చేత ఆంగ్ల కాగితం చదివించుకొనేటప్పుడు మాట రెండుసార్లు చేతులు మారుతుంది. తెలుగులో 'అవసరం' అంటే కావలసి ఉండడం. తమిళంలో అదే మాటకు తొందర అని అర్థం. 'ఆపరేషను అవసరం' అని తెలుగు వైద్యుడు అంటే చేయించుకోవాలని. అదే మాట తమిళుని నోట వస్తే ఈ రోజే చేయాలన్న సూచన అందులో ఉండవచ్చు. ఎంత గడువు ఉన్నదో వేరుగా అడిగి తెలుసుకోవడమే క్షేమం.

అప్పు కాగితాల విషయంలో ఒక వెసులుబాటు ఉన్నది. భారతీయ రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఆ సంవత్సరం అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే వ్యక్తిగత అప్పులకు, చిన్న పరిశ్రమల కాలపరిమితి అప్పులకు ముఖ్యాంశాల పత్రం ఒకటి ముందుగా ఇవ్వాలి. దానిని అప్పు తీసుకొనేవారికి తెలిసిన భాషలో ఇవ్వాలి, అందులోని విషయాలు వివరించి చెప్పాలి. ఏడాదికి పడే మొత్తం భారం ఎంత శాతమో, వడ్డీ కాక ఇతర చార్జీలు ఏమేమిటో అందులో ఉంటాయి. ఏడు రోజులు గాని అంతకు మించి గాని గడువు గల అప్పులకు ఆ పత్రం కనీసం మూడు పనిదినాలు చెల్లుబాటులో ఉంటుంది గనుక, అక్కడికక్కడే సంతకం పెట్టవలసిన తొందర లేదు. చెన్నైలోని శాఖలో అప్పు తీసుకొన్నా తెలుగు ప్రతి అడగవచ్చు. జామీను పత్రం దీనికి వేరుగా ఉంటుంది. దానిని ఇంటికి తెచ్చుకొని, ఆంగ్లం తెలిసినవారి చేత 'సెవరల్లీ' ఉన్నదో లేదో వెతికించి, ఉంటే మొత్తం బాకీ అంకె ఎంతో కాగితం అంచున రాయించుకొని, ఆ తరువాత సంతకం సంగతి చూడవచ్చు.